చూచిన పాఠము, వచ్చిన పాఠము

సింహాచలము కొండ క్రింది వీధులలో దీపాల వేళకు పూర్వము పిల్లలు ఎక్కములు వల్లించు ధ్వని వినవచ్చెడిది. నేడు అవే ఇండ్లలో ఫోనులోనుండి ఎవరో మాస్టారి కంఠము వినవచ్చును. పాఠము ముగియగానే "అర్థమైనదా?" అని పెద్దలు అడుగుదురు. "అయినది" అని పిల్లవాడు బదులు చెప్పును. మరునాడు అదే లెక్క కాగితముపై ఇచ్చినచో కలము కదలదు. పిల్లవాడు అబద్ధమాడలేదు. అర్థమగుట వేరు, వచ్చుట వేరు.

దూరమునుండి పాఠము చెప్పుట మనకు క్రొత్త గాదు. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము పాటు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017లో కేంద్రప్రభుత్వము 'స్వయం' పాఠములను ప్రారంభించినది. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి పాఠములు వినిపించినది. పాఠములకు కరవు తీరినది. చూచెడి తీరు మాత్రము మారలేదు. సినిమాను చూచినట్లే పాఠమును గూడ చూచుచున్నాము.

2018లో మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అను పరిశోధకులు ఒక చక్కని పరీక్ష ప్రకటించిరి. చిన్న బాణమును గుండ్రని పలకపై గురిచూచి విసరు ఆటను కొందరికి ఒక్కసారి, మరికొందరికి ఇరువదిసార్లు వీడియోలో చూపిరి. ఇరువదిసార్లు చూచినవారు తమ గురి బాగుగా కుదురునని నమ్మిరి. విసరినప్పుడు మాత్రము తక్కినవారికంటె మిన్నగా విసరలేదు. చూచినకొలది నమ్మకము పెరిగినదే గాని నేర్పు పెరుగలేదన్నమాట.

మన ఉక్కునగరములో వెల్డింగు నేర్చుకొను కుర్రవానికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వీడియోలో రాడ్డు నీటిమీద పడవవలె సాగిపోవును. తన చేతిలో అదే రాడ్డు రేకునకు అంటుకొని ఊడి రాదు. రేకునకు, రాడ్డు కొనకు నడుమ ఉండవలసిన ఎడము కంటికి తెలిసినంత సులువుగా మణికట్టునకు తెలియదు. వీడియో అవసరము లేదని మా భావము గాదు. పనికి ముందొకమారు, పని చెడిన పిదప మరొకమారు చూచినచో దానంత మంచి గురువు లేడు.

మా రేడియోకు లేని సౌకర్యము ఫోనునకు కలదు: అది ఆపు మీట. దానిని వాడువారు అరుదు! 2014లో 69 లక్షల వీక్షణములను లెక్కించి చూడగా, పాఠపు వీడియో ఎంత పొడవుదైనను చూపరులలో సగము మంది ఆరు నిమిషములు దాటకముందే విడిచిపోవుచున్నట్లు తేలినది. కావున ఐదారు నిమిషములకొకమారు ఆపి, ఫోను బోర్లించి, విన్నదానిని చూడకుండ వ్రాయవలెను. ఇది విసుగు పుట్టించు పనియే. అయినను 2006లో రోడిగర్, కార్పికే జరిపిన పరీక్షలో పాఠమును రెండుమార్లు చదివినవారికి వారము పిదప నూటికి 42 పాళ్లు గుర్తున్నది. ఒకమారు చదివి, పిదప చూడకుండ వ్రాసినవారికి 56 పాళ్లు గుర్తున్నది. ఐదు నిమిషముల తరువాత అడిగినప్పుడు రెండుమార్లు చదివినవారే ముందుండిరి. పిల్లలు మోసపోవునది అచ్చటనే.

ఇంట ఫోను ఒక్కటే యుండుట లోపమే యైనను, దానిని గుణముగ మార్చుకొనవచ్చును. 1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములలో రేడియో గోష్ఠులు నడిచినవి. రైతులు కూడి విని, వెంటనే చర్చించి, తమ ఊరికి ఏది తగునో నిర్ణయించుకొనెడివారు. అన్న చూచిన పాఠమును చెల్లెలికి చెప్పి, ఆమె ప్రశ్నలకు తడుముకొన్నచోటనే వీడియోను మరల చూచిన మేలు.

ఇక భాష. పై చదువుల వీడియోలు పెక్కు ఆంగ్లమున నుండుటచే తెలుగు మాధ్యమమువారు మాటవద్దనే చిక్కుకొందురు. మాటకు అర్థము వ్రాసికొన్న చాలదు, మన ఊరి ఉదాహరణము నొకటి ప్రక్కన వ్రాయవలెను. 'ఇన్‌క్లైన్డ్ ప్లేన్' అనగా వాలుతలము. సింహాచలము కొండపైకి బస్సుదారిని మెట్లవలె తిన్నగా గాక మెలికలుగా ఏల వేసిరి? దూరము పెరిగినకొలది వాలు తగ్గును; వాలు తగ్గినకొలది ఇంజను చూపవలసిన బలము తగ్గును. ఆ దారిన బస్సెక్కిన పిల్లవాడు ఈ ప్రకరణములో సగము ముందే నేర్చియున్నాడు.