65 దాటాక రేడియేషన్ అందరికీ అవసరమా?

రొమ్ములో గడ్డ వరకే తొలగించే ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇవ్వడం ఎంతోకాలంగా ఉన్న ఆనవాయితీ. 65 ఏళ్లు నిండిన మహిళలందరికీ అది కావాలా? ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ కుంక్లర్ బృందం 'ప్రైమ్-2' పరీక్షలో ఈ ప్రశ్ననే తీసుకుంది. పదేళ్ల ఫలితాలు 2023లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వెలువడ్డాయి.

పరీక్షలో పాల్గొన్నవారు 1,326 మంది. వారి గడ్డలు 3 సెంటీమీటర్లకు మించలేదు. చంకలోని లింఫ్ గ్రంథులకు వ్యాధి పాకలేదు. హార్మోన్ ఆసరాతో పెరిగే రకం క్యాన్సర్ కాబట్టి అందరికీ దాన్ని అడ్డుకునే మాత్రలు రాశారు. సగం మందికి మాత్రమే రేడియేషన్ ఇచ్చారు. పదేళ్లలో అదే రొమ్ములో వ్యాధి తిరగబెట్టింది రేడియేషన్ తీసుకున్నవారిలో 0.9 శాతం మందికి, తీసుకోనివారిలో 9.5 శాతం మందికి. తేడా చిన్నదేమీ కాదు. కానీ పదేళ్లకు బతికి ఉన్నవారు రెండు వర్గాల్లోనూ దాదాపు 81 శాతమే. మరణాల్లో ఎక్కువ భాగం వేరే కారణాలవి.

అంటే వందమందికి రేడియేషన్ ఇస్తే ఎనిమిది, తొమ్మిది మందికి వ్యాధి తిరగబెట్టే బాధ తప్పుతుంది, ఆయుష్షు మాత్రం పెరగదు. ఆ కొద్దిమందిలో ఎవరుంటారో ముందుగా చెప్పడం కష్టం. కొందరికి ఆ భయం తీరడమే పెద్ద లాభం, మరికొందరికి రోజూ ఆసుపత్రికి తిరగడమే పెద్ద భారం.

ఈ భారమూ తగ్గుతోంది. మూడు వారాల్లో 15 సార్లు ఇచ్చే రేడియేషన్‌కు బదులు వారంలో 5 సార్లు ఇచ్చినా సరిపోతుందని బ్రిటన్‌లో జరిగిన 'ఫాస్ట్-ఫార్వర్డ్' పరీక్ష 2020లో చూపింది. రేడియేషన్ యంత్రాలు ఎక్కువగా నగరాల్లోనే ఉన్న మన దేశంలో తోడు వచ్చే మనిషి కూలి, గది అద్దె, ప్రయాణాలు కలిపితే ఈ తేడా ఆసుపత్రి బిల్లులో కనిపించేదానికంటే పెద్దదే.

మరి మాత్రలు? ధర తక్కువే గానీ సాధారణంగా ఐదేళ్లు వాడాలి. ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు, కొన్ని మందులతో ఎముకలు గుల్లబారడం ఉంటాయి. వీటిని తట్టుకోలేక మధ్యలో మానేసేవారు తక్కువేమీ కాదు. రేడియేషన్ వద్దనుకున్నవారు మాత్రలూ మానేస్తే ముప్పు బాగా పెరుగుతుంది. అందుకే మాత్రలు లేకుండా రేడియేషన్ ఒక్కటే ఇచ్చే పద్ధతిని 70 ఏళ్లు పైబడినవారిలో 'యూరోపా' పరీక్ష పరిశీలిస్తోంది. తొలి ఫలితాల ప్రకారం, రెండేళ్ల నాటికి మాత్రలు వాడినవారికంటే రేడియేషన్ తీసుకున్నవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది.

మన దగ్గర గడ్డ పెద్దదయ్యాక, గ్రంథులకు పాకాక ఆసుపత్రికి వచ్చేవారు చాలామంది. వారికి ప్రైమ్-2 అంకెలు వర్తించవు.