బండిలో బసయు, చెత్త సంగతియు

ప్రయాణమనగానే ఏమేమి కట్టుకొని పోవలెనో మనము చక్కగా యోచింతుము. పులిహోర యెంత, పచ్చళ్లేవి, పిల్లలకు బట్టలెన్ని, అత్తగారి మందులెక్కడ - ఇవన్నియు ముందునాడే లెక్కకు వచ్చును. కాని తినగా, వాడగా మిగిలినదానిని ఎక్కడ నుంచవలెనను ప్రశ్న మాత్రము బండి కదలిన తరువాత, అరటితొక్క చేతిలో నుండగా పుట్టును. అప్పుడు కిటికీయే దిక్కగును.

ఇప్పుడు మోటారుబండినే బసగా జేసికొని ప్రయాణించు కుటుంబములు పలువున్నవి. వంటసామాను, పడక, నీరు బండిలోనే పెట్టుకొని రెండు మూడు దినములు తీర్థములకో, అడవులకో, సముద్రతీరమునకో పోవుచున్నారు. పూర్వము మన పెద్దలును ఎడ్లబండ్లలో ఇట్లే పోయి, చెట్లక్రింద వండుకొని తినిరి. వారు వదలిన విస్తరాకులు, బూడిద మట్టిలో కలసిపోయినవి. మనము వదలునది మట్టిలో కలియదు. భేదమంతయు నిచ్చటనే యున్నది.

హైదరాబాదునుండి శ్రీశైలము పోవు దారి మన్ననూరు దాటిన తరువాత నల్లమల యడవిలో ప్రవేశించును. అది పులుల రక్షితప్రదేశ మగుటచే రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు ఆ దారిని బండ్లను పోనీయరు. ఆలస్యముగా చేరినవారు తనిఖీ ద్వారమున కీవలనే నిలిచి, తెల్లవార్లు బండిలో నిదురింపవలసి యుండును. రెండేండ్ల క్రిందట మాకును అట్లే జరిగినది. పెద్దలు, పిల్లలు కలసి ఆరుగురము. భోజనము ముగించి ఎంగిలి ఆకులు, పెరుగు పొట్లములు, పసిదాని డైపర్లు అన్నియు నొకే సంచిలో కుక్కితిమి. వాసన వచ్చుచున్నదని దానిని బండి వెలుపలి అద్దమునకు తగిలించి నిశ్చింతగా నిదురించితిమి.

తెల్లవారుసరికి కోతుల గుంపు సంచిని చీల్చివేసినది. రోడ్డు పొడవున మా యింటి గుట్టంతయు పరచుకొని యున్నది. పిల్లను పొట్టకు కరచుకొన్న తల్లికోతి యొకటి పెరుగు పొట్లము నాకుచు రోడ్డు నడుమ కూర్చుండెను. ఎదురుగా వచ్చిన లారీవాడు పుణ్యాత్ముడు, సమయమునకు బండి నిలిపినాడు. మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. తరువాత, "అమ్మాయీ, మన చెత్తను పొరుగింటి గుమ్మములో పోయుదుమా? ఇదియు ఒకరి గుమ్మమే గదా" అనిరి. ఆ ఉదయము అందరము వంగి వంగి ఆ చెత్త నేరితిమి. ఈ వ్యాసమునకు అదియే కారణము.

అడవిజంతువు ప్లాస్టిక్కును కోరి తినదు. దాని కంటిన ఉప్పు, నూనె, పెరుగుల వాసనకు వచ్చి సంచితో గూడ మ్రింగును. దుప్పి, కణితి, ఆవు మొదలగు నెమరువేయు జంతువుల కడుపులో అది జీర్ణముగాక ఉండలుకట్టి నిలిచిపోవును. మేత దిగక ఆ జంతువు కృశించును. దారిప్రక్క తిండికి మరిగిన కోతులు బండ్లక్రింద పడును. ఎలుగుబంట్లు, అడవిపందులు మనుష్యుల బసల కలవాటు పడినచో ముప్పు ఉభయులకును గలదు. పైగా ఆ యడవి చెంచుల నివాసము. మన కొకరాత్రి మజిలీ యైనది వారికి ఇల్లు.

బయలుదేరక మునుపు

చెత్తను తగ్గించుటకు తగిన చోటు మన వంటయిల్లే. ఒక్కొక్కరికి దినమునకు 2 లీటర్ల త్రాగునీ రనుకొన్నచో, ఆరుగురికి రెండు దినములకు 24 లీటర్లు కావలెను. దారిలో కొన్నచో 24 సీసాలు చెత్తయగును. ఇంటినుండి 20 లీటర్ల డబ్బా యొకటి, 5 లీటర్లది మరియొకటి నింపుకొనిపోయినచో ఒక్క సీసాయు మిగులదు.

బిస్కత్తులు, అటుకులు, పప్పులు మొదలగువాని పొట్లములను ఇంటనే విప్పి డబ్బాలలో పోసికొనుడు. కూరలు తరిగి పెట్టుకొనుడు. తొక్కలు ఇంటి ఎరువునకే చెందును. తినుటకు స్టీలు కంచములు మేలు. లేనిచో మోదుగ విస్తళ్లు. ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మనదేశమున 2022 జూలై 1వ తేదినుండి నిషేధింపబడినవి. కాగితపు గ్లాసులు నిర్దోషములని భ్రమపడరాదు. సామాన్యముగా వానిలోపల సన్నని ప్లాస్టిక్ పూత యుండును.

నాలుగు పాత్రలు

అన్నిటిని ఒకే సంచిలో కలుపుటయే మేము చేసిన మొదటి పొరపాటు. నాలుగు పాత్రలు వేరువేరుగ నుంచుకొనవలెను.

మొదటిది తడిచెత్తకు. వెడల్పు మూతిగల, మరమూత డబ్బా కావలెను. అడుగున చించిన వార్తాపత్రికను గాని, పిడికెడు ఊకను గాని వేసి, నీరు వడకట్టిన ఎంగిలిని దానిపై వేసి, మరల ఊకతో కప్పవలెను. తడి తగ్గినచో దుర్గంధము తగ్గును. ఈగ యొకమారు ఇంచుమించు 100 గ్రుడ్లు పెట్టును. వేడిదినములలో అవి ఒక్కనాటిలోనే పురుగులగును. కాబట్టి మూత తెరచియుంచరాదు. లోపల పులిసి వాయువు పుట్టును గనుక, దినమునకు రెండుమారులు బండి వెలుపలికి తెచ్చి మూత కొంచెము వదులుచేసి మరల బిగింపవలెను.

రెండవది పొడిచెత్తకు. పాలు, పెరుగు పొట్లములను చెంచాడు నీటితో తొలచి, తుడిచి, మడిచి గుడ్డసంచిలో వేసికొనవలెను. సీసాను నలిపి మూత బిగించినచో చోటు తక్కువ పట్టును.

మూడవది పసిపిల్లల డైపర్లకును, స్త్రీలు నెలసరి దినములలో వాడు మెత్తలకును. దీనినిగూర్చి మాటాడుటకు సిగ్గుపడి, చీకటిలో పొదలలో విసరివచ్చువా రెందరో గలరు. ఒక్కొక్కదానిని వార్తాకాగితములో చుట్టి, లోపల కనుపించని మూతడబ్బాలో నుంచి, పైన కొంచెము తినెడి సోడా చల్లినచో వాసన యణగును. ఈ డబ్బా ఎచ్చట నున్నదో ఆడపిల్లలకు బయలుదేరునపుడే చెప్పియుంచవలెను.

నాలుగవది చిన్నది, బిరడాగల గట్టి సీసా. పెద్దలు వాడిన ఇన్సులిన్ సూదులు, బ్లేడులు, పాత బ్యాటరీలు దానిలో వేయవలెను. చెత్త నెత్తువారి చేతులకు గ్రుచ్చుకొనునది తరచు ఇట్టి సూదియే.

రాత్రివేళ

బస చేసినచోట చెత్తను బండి వెలుపల గాని, బండిపైన గాని ఉంచరాదు. మూతలు బిగించి బండిలోనే వెనుకమూల పెట్టవలెను. వండిన పాత్రలను ముందు కాగితముతో తుడిచి తరువాత కడిగినచో నీరు తక్కువ చాలును. ఆ నీటిని వాగునకు, చెరువునకు 200 అడుగుల దూరమున చల్లవలెను, వాగులోనే తోమరాదు. ఎండలో తలుపులు మూసిన బండి లోపల వెలుపలికంటె చాల వేడెక్కును గనుక పగలు నీడపట్టున నిలుపుడు. పొయ్యికి వాడు చిన్న గ్యాసు డబ్బా ఖాళీ యైనదనుకొన్నను ఎండవేడిలో బండిలో వదలకుడు. దానికి చిల్లు పొడవకుడు.

చేయరాని పనులు

ప్లాస్టిక్కును తగులబెట్టరాదు. ఆ పొగ విషము. వేసవిలో నిప్పురవ్వ యొక్కటి చాలును, కొండయే అంటుకొనును. పాతిపెట్టరాదు, వాసన పట్టి జంతువులు త్రవ్వితీయును. నిండి పొరలుచున్న తొట్టి ప్రక్కన సంచి నుంచి వచ్చుటయు పారవేయుటతో సమానమే. చెత్తబండి వచ్చు ఊరు చేరువరకు మోసికొనిపోవుడు. లేదా ఇంటికి తెచ్చుకొనుడు. ఇంటికి చేరిన పిదప తడిది ఎరువునకు, సీసాలు పాతసామానులవానికి, తక్కినవి వేరువేరుగనే మునిసిపాలిటీ బండికి చెందును.

మరుసటి సంవత్సరము మేము మరల ఆ దారినే పోతిమి. నాలుగు పాత్రలలో ఏది యెవరిదో ముందే పంచుకొంటిమి. పొడిసంచి మా పదేండ్ల పిల్లవానికి వచ్చినది. వాడు దానిని తన సొంత ఆస్తివలె కాచినాడు. తిరిగి వచ్చునపుడు ఆ తనిఖీ ద్వారముకడ బండి నిలిపి చూచితిమి. మేము నిదురించినచోట చక్రముల జాడ తప్ప మాదనదగినది ఏమియు లేదు. అత్తగారు చూచి తల యూపి, "ఇక పద" మనిరి.

ఇల్లు శుభ్రముగ నుంచుట మనకెవరును నేర్పనక్కరలేదు. ఆ నేర్పును గడపకీవలనే వదలి బండి యెక్కకుండుటయే మనము నేర్వవలసినది.