కర్తయే వలదన్న ఉపకరణము: నిఘంటుపాఠమునకు దాని యోగ్యత

శ్రీకాకుళ మండలమున జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు ఉత్తరాంధ్రపు కొండలలో మాటలాడబడు సవర భాషకు నిఘంటువు కూర్చి 1938లో ప్రకటించిరి. అట్టి గ్రంథమును కంప్యూటరున భద్రపరుపవలె నన్నచో, 1998లో ప్రమాణముగా వెలువడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి యనువైనది. ఇందు ఆరోపమునకు, అర్థమునకు, ఉదాహరణమునకు వేర్వేరు గుర్తు లుండును. ఆ గుర్తులను చదివి విడదీయుటకు పెర్ల్ భాషలో 'ఎక్స్‌ఎమ్‌ఎల్ సింపుల్' అను లైబ్రరీ కలదు. క్రొత్త పనులకు దానిని వాడవలదని దాని వివరణపత్రమే చెప్పుచున్నది. అయినను రెండు పంక్తులలో పని ముగియును గనుక విద్యార్థిని అది యాకర్షించును. ఆ నిషేధము సర్వత్ర పాటింపదగినదా యనునది యిచట విచార్యము.

దాని దోషములు ముఖ్యముగా మూడు. ఒక యారోపమున కర్థ మొక్కటియే యున్నచో దానిని ఒంటి విలువగను, రెండున్నచో పట్టికగను ఒసగును. ఏకార్థపదముతో సరిచూచిన కార్యక్రమము నానార్థపదము రాగానే తప్పును. ఇది మొదటిది. 'నేమ్', 'కీ', 'ఐడి' అను పేర్లు గల లక్షణములను అడుగకయే సూచికలుగా గ్రహించును. పక్షి వాలుటను దెలుపు 'వాలు', ఖడ్గమును దెలుపు 'వాలు' రెండారోపములుగా నుండి, ఆ రూపమే 'నేమ్'గా నమోదైనచో, రెండవది మొదటిదానిని తుడిచివేయును. ఇది రెండవది. వాక్యమధ్యమున గుర్తు గల పదమున్నచో, పాఠ మొకచోటికిని ఆ పద మొకచోటికిని చేరి, వాని వరుస నశించును. ఇది మూడవది.

మొదటి రెంటికిని మందు కలదు. 'ఫోర్స్‌అరే', 'కీఅట్ర్' అను నియమములను స్పష్టముగా నిర్దేశించిన చాలును. 'స్ట్రిక్ట్' అను కట్టుబాటు వానిని తప్పనిసరి చేయును. మూడవదానికి మందు లేదు. నిఘంటువున నన్ననో అర్థముల వరుస, ఉదాహరణ మే యర్థమును వెన్నంటి వచ్చినదను విషయము కూడ సంపాదకుని నిర్ణయములే. అవి పోయిన పిదప మిగులునది పదముల కుప్ప మాత్రమే.

కావున మా నిర్ణయ మిది. పుటపరిమాణము, అక్షరరూపము వంటి యమరికలను దెలుపు చిన్న పత్రమును చదువుటకు ఈ లైబ్రరీ నిరపాయము. ఏండ్లతరబడి సరిగా నడచుచున్న పాత కార్యక్రమమును దీని పేరు చూచి కూలద్రోయ నక్కరలేదు. నిఘంటువునకుగాని కావ్యపాఠమునకుగాని ఇది సర్వథా వర్జ్యము. అచట వివరణపత్రమే సూచించిన 'ఎక్స్‌ఎమ్‌ఎల్ లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్' గాని, 'ఎక్స్‌ఎమ్‌ఎల్ ట్విగ్' గాని గ్రాహ్యము. వరుస మారినచో అర్థము మారునా యని పరిశోధకుడు ముందుగా ప్రశ్నించుకొనవలెను. మారునన్నచో సౌలభ్యమునకు లోబడరాదు.