కూలర్‌ ఫ్యాన్‌ తిరగడం లేదా? మోటారు మార్చే ముందు పరీక్షించవలసినవి

ఎండలకు పేరుబడిన పల్నాడు జిల్లా రెంటచింతల, పెద్దపల్లి జిల్లా రామగుండం వంటి ప్రాంతాల్లో మార్చి వచ్చిందంటే మూలన పెట్టిన కూలర్లు తిరిగి వాడుకలోకి వస్తాయి. నెలల తరబడి కదలిక లేని యంత్రం స్విచ్‌ వేయగానే గుర్రుమని శబ్దం చేస్తుందే తప్ప ఫ్యాన్‌ తిరగదు. మోటారు కాలిపోయిందని భావించి కొత్తది కొనేవారు ఎందరో. లోపం అంతకన్నా చిన్నదై ఉండే అవకాశం ఎక్కువ. అయితే నీరు, విద్యుత్తు, ఇనుప రేకు ఒకేచోట ఉండే ఈ పరికరం విషయంలో ఏమరుపాటు ప్రాణాంతకం కాగలదు.

ముందుగా ప్లగ్‌ తీయాలి

స్విచ్‌ ఆపితే సరిపోదు. వైరింగ్‌లో తీగలు తారుమారై స్విచ్‌ న్యూట్రల్‌కు బిగించి ఉంటే, స్విచ్‌ ఆపినా మోటారు వరకు విద్యుత్తు ఉంటుంది. అందువల్ల ప్లగ్‌ను సాకెట్‌ నుంచి పూర్తిగా తీసిన తరువాతే మూత తెరవాలి.

రెక్క చెప్పే రహస్యం

ప్లగ్‌ తీశాక రెక్కను చేతితో నెమ్మదిగా తిప్పి చూడాలి. బిగుసుకుపోయి ఉంటే తుప్పు పట్టడం వల్లనో, నూనె ఎండిపోవడం వల్లనో బుష్‌ లేదా బేరింగ్‌ పట్టేసిందని అర్థం. శుభ్రపరచి నూనె వేస్తే కొన్ని మోటార్లు కోలుకుంటాయి. ఇరుసు అటూ ఇటూ ఊగుతుంటే బుష్‌ అరిగినట్లే, దానిని మార్చాలి.

రెక్క తేలికగా తిరుగుతున్నా, విద్యుత్తు ఇచ్చినప్పుడు గుర్రుమంటూ నిలిచిపోతే మొదట అనుమానించవలసింది కెపాసిటర్‌ను. మెకానిక్కులు దీనినే కండెన్సర్‌ అంటారు. సింగిల్‌ ఫేజ్‌ మోటారు కదలడానికి కావలసిన తొలి ఊపును ఇచ్చేది ఇదే. దీని ధర మోటారు ధరలో స్వల్ప భాగం మాత్రమే. పాతదానిపై ముద్రించిన ఎం.ఎఫ్‌.డి. విలువ ఉన్నదానినే అమర్చాలి. వేగం పెరుగుతుందని ఎక్కువ విలువ గలది బిగిస్తే వైండింగ్‌ వేడెక్కి కాలిపోవచ్చు. ప్లగ్‌ తీసినా కెపాసిటర్‌లో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక దాని తీగల కొసలను తాకరాదు. కొందరు విద్యుత్తు ఉండగానే రెక్కను వేలితో నెట్టి చూస్తుంటారు. ఇది వేళ్లు తెగే పని.

వోల్టేజీ తగ్గినా అంతే

సాయంత్రం వేళ మాత్రమే ఫ్యాన్‌ మందగిస్తుంటే దోషం మోటారుది కాకపోవచ్చు. వోల్టేజీ తగ్గేకొద్దీ మోటారు తిప్పుడు బలం దాని వర్గానికి అనుగుణంగా పడిపోతుంది. 230 వోల్టులు ఉండవలసిన చోట 180 మాత్రమే వస్తే బలం సుమారు 60 శాతానికి దిగజారుతుంది. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ దీపాలు మసకబారుతుంటే విద్యుత్తు సిబ్బంది దృష్టికి తీసుకువెళ్లాలి.

కాసేపు తిరిగి ఆగి, చల్లారాక మళ్లీ తిరిగే మోటారు అతిగా వేడెక్కుతున్నదని గ్రహించాలి. మాడిన వాసన వస్తున్నా, ఫ్యూజు పదేపదే పోతున్నా వైండింగ్‌ దెబ్బతిన్నట్లు భావించవచ్చు. అప్పుడు రీవైండింగ్‌ చేయించడమో, కొత్త మోటారు కొనడమో తప్పదు. ఫ్యాన్‌ వేగంగానే తిరుగుతూ గాలి మాత్రం రాకపోతే ప్యాడ్లను చూడాలి. బోరు నీటిలోని లవణాలు తెల్లటి పెచ్చులుగా పేరుకొని గాలి దారిని మూసివేస్తాయి.

ఎర్త్‌ లేని కూలర్‌ వద్దు

మోటారు గానీ, నీటి పంపు గానీ దెబ్బతిని విద్యుత్తు రేకుకు పాకితే దానిని భూమిలోకి మళ్లించేది ఎర్త్‌ తీగ ఒక్కటే. మూడు పిన్నుల ప్లగ్‌ను తీసి రెండు పిన్నులది బిగించడం, తీగలను నేరుగా సాకెట్‌లో దోపడం ఈ రక్షణను చేజేతులా వదులుకోవడమే. ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చుకుంటే కరెంటు లీకైన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. రేకుపై పెట్టిన టెస్టర్‌ వెలిగితే ఆ కూలర్‌ను వెంటనే పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. నీళ్లు పోసే ప్రతిసారీ ప్లగ్‌ తీయడం, పిల్లలను దూరంగా ఉంచడం ఇంటిల్లిపాదీ పాటించవలసిన నియమాలు.