“మంచిగనే ఉన్నం”

రాత్రి తొమ్మిది గంటల వేళ కోరుట్ల చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్ళినా ఏదో ఒక ఇంట్లో ఈ దృశ్యము కనబడుతుంది. ఇల్లాలు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుతూ ఉంటుంది. ఎదుట బిందెకు ఆనించిన ఫోను. సౌదీ గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక గనుక అక్కడ అప్పుడు ఆరున్నర. భర్త పని దిగి గదికి చేరిన వేళ. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

“తిన్నవా? ఏం కూర?”

కొన్ని సంవత్సరముల క్రితము గృహదర్శనమునకు వెళ్ళి మేము అలాంటి ఒక ఇంట్లో కూర్చున్నాము. ఆ సహోదరి “కోడికూర” అన్నది. గిన్నెలో ఉన్నది పచ్చిపులుసు. “నువ్వేం తిన్నవ్?” అని అడిగితే ఆయన “బిర్యానీ” అన్నాడు. ఆ నెలంతా ఖుబ్బూసు రొట్టె, పప్పు తప్ప మరేమీ లేదని సెలవుపై వచ్చినప్పుడు ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఇద్దరూ అబద్ధమాడారు, ఇద్దరూ ప్రేమతోనే ఆడారు. ఫోను పెట్టేముందు ఇటునుండి, అటునుండి ఒకే మాట: “మంచిగనే ఉన్నం, రంది పెట్టుకోకు.”

ప్రియ పాఠకులారా, ఈ “మంచిగనే ఉన్నం” అను మాటను గూర్చియే ఈ నెల వ్రాయవలెనని తలంచాము. మన ఇండ్లలో సముద్రము చేసిన ఎడబాటుకంటె ఈ మాట చేసిన ఎడబాటు ఎక్కువేమో అని మాకు తోచుచున్నది. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. అది తరువాత చెప్పెదము.

వలస మనకు కొత్త కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని పాత కరీంనగర్ జిల్లాలో ఒక వాడుక మాట. ఇంట్లో మగపిల్లవాడు ఎదిగితే ఈ మూడింటిలో ఏదో ఒక దారి పట్టవలసిందే అని దాని భావము. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి గాని ఆ మాట మాత్రము అందరికీ ఉమ్మడిగానే మిగిలింది. సిరిసిల్ల నేతవారు బొంబాయికి, భీవండికి, షోలాపూర్‌కు వెళ్ళారు. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైన తరువాత ఎన్నో తెలుగు కుటుంబముల పొయ్యి ఆరింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపువారు 1970ల చివరి నుండి గల్ఫ్ విమానము ఎక్కసాగారు.

మేము ఆరు, ఏడు తరగతులు చదివే రోజులలో, అనగా 1990 దాటిన కొత్తలో, మా వాడకట్టులో ఉత్తరము వస్తే చదివి పెట్టే పని మాదే. చదువు రాని తల్లులు ముగ్గురు, నలుగురు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చొనేవారు. ఉత్తరము “ఉభయ కుశలోపరి” అని మొదలయ్యేది. అది చదవగానే ఒక పెద్దమ్మ కండ్లు మూసుకొని “మళ్ళ చదువు కొడుకా” అనేది. లోపల ఏమున్నదో తరువాతి సంగతి, కుశలము అను ఆ ఒక్క ముక్క ఆమెకు చాలు. జవాబు కూడా మేమే వ్రాసేవారము. ఒకసారి ఆమె బర్రె చచ్చిపోయింది. అది వ్రాయబోతే మా చెయ్యి పట్టుకొని ఆపింది. “వద్దు బిడ్డా, రంది పడతడు. బర్రె ఈనిందని రాయి.” మేము ఈనిందనే వ్రాశాము. ఆ కొడుకు రెండేళ్ళకు వచ్చి దూడ ఏదని అడిగాడు!

కొందరు టేపు రికార్డరు పంపించేవారు. క్యాసెట్టులో నానమ్మ మాట, పిల్లవాని పద్యము, వెనుక కోడి కూత, అన్నీ పట్టి ఊరికి వచ్చిన వారి చేతికిచ్చి పంపేవారు. ఆ తరువాత ఎస్.టి.డి. బూతులు వచ్చినవి. రాత్రి రేటు తగ్గువరకు బల్లమీద కూర్చొని, వంతు వచ్చాక ఎర్ర అంకెలు పరుగెత్తుతూ ఉంటే ఏడ్వడానికి కూడా భయము. ఏడుపుకూ బిల్లు పడుతుంది. ఫోను లేనివారు పక్కింటి నంబరునే పి.పి. నంబరుగా ఇచ్చేవారు. టెలిగ్రాము వస్తే మాత్రము విప్పకముందే ఇంట్లో గొల్లుమనేవారు. ఆ సేవ 2013 జూలైలో ఆగిపోయింది.

ఇదంతా ఎందుకు జ్ఞాపకము చేయుచున్నామంటే, ఆ రోజులలో దాచిన సంగతి దాగేది. ఉత్తరము చేరుటకు రెండు, మూడు వారములు. అటు నుండి ఎవరైనా వస్తే తప్ప మరో దారి లేదు. బర్రె రెండేళ్ళు బ్రతికే ఉండగలిగింది. ఇప్పుడు ఊరంతటి చేతిలో ఫోను ఉన్నది. మనము నోరు మూసుకున్నా పక్కింటి పిల్లవాని స్టేటస్ నోరు తెరుస్తుంది. దాచే అలవాటు మాత్రము మనలో పాతదే మిగిలింది.

ఇక మా సంగతి.

ముందు చెప్పిన ఆ ఇంటి యజమాని సౌదీలో ఒకరి ఇంట్లో డ్రైవరు. 2019లో ఆయన తల్లికి కడుపులో గడ్డ అని తెలిసింది. అప్పటికే ముదిరింది. ఆయనకు సెలవు టికెట్టు రావలెనంటే ఇంకా ఎనిమిది నెలలు. పెద్దన్న మా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, తమ్మునికి చెప్పుదుమా వద్దా?” అని అడిగాడు. మేము ఎక్కువ ఆలోచించలేదు. “ఇప్పుడే వద్దు. అంత దూరములో ఒంటరిగా ఏమి చేయగలడు? కఫీలు పంపకపోతే గుండె పగులుతుంది” అన్నాము. తెలివైన మాట చెప్పామనే అనుకున్నాము.

మూడు నెలలు ఇల్లంతా కలిసి ఆ మాట నిలబెట్టింది. ఫోను వస్తే తల్లి ముఖము మాత్రమే కనబడేటట్టు పట్టుకొనేవారు. తరువాత ముఖము కూడా చూపలేని స్థితి వచ్చింది. “పండుకున్నది”, “చెల్లె ఇంటికి పోయింది” అని చెప్పారు. ఏడ్వవద్దని ఆ తల్లికీ చెప్పారు. ఆమె నోట్లో కొంగు కుక్కుకొని ఉండేదని తరువాత కోడలు మాతో అన్నది. ఒక మంగళవారము తెల్లవారుజామున ఆమె ప్రభువునందు నిద్రించినది. ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అని ఇంటివారు తర్జనభర్జన పడుచుండగానే బంధువుల పిల్లవాడొకడు ఆమె ఫోటోకు పూలు పెట్టి స్టేటస్ వేశాడు. యజమాని పిల్లలను బడికి దింపి కారులో కూర్చున్న కొడుకు అది చూశాడు.

మొదటి ఫోను మాకే చేశాడు. “అయ్యగారూ, మా అవ్వ పోయిందట, నిజమేనా?” అవునన్నాము. “మీకు ఎన్ని దినాల సంది ఎరుక?” మూడు నెలలు అన్నాము. చాలాసేపు ఏ మాటా లేదు. అప్పుడు అన్నాడు: “నేను రాకపోతుంటి కావచ్చు. గని మాట్లాడుతుంటి గద.”

భూస్థాపన ఫోనులో చూశాడు. రావడము నిజముగానే ఆయన చేతిలో లేదు. ఆ రోజులలో కఫీలు అనుమతి లేనిదే దేశము దాటే వీలు లేదు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వము చాలామంది కార్మికులకు ఆ నిబంధన సడలించింది గాని ఇంటి డ్రైవర్లను, ఇంటి పనివారిని, గొర్రెల కాపరులను అందులో చేర్చలేదు. ఎనిమిది నెలలు నిండే సమయానికి, 2020లో, కరోనాతో విమానములు ఆగిపోయినవి. 2021లో వచ్చాడు. రెండు సాయంత్రములు మా ఇంటి అరుగుమీద కూర్చొని ఆ మూడు నెలలలో తల్లి ఏమి తిన్నది, ఏమి అడిగింది, ఎవరు కాళ్ళు ఒత్తారు, అన్నీ అడిగాడు. మేము తెలిసినంత చెప్పాము. క్షమాపణ అడిగాము. “మీరు మంచికే అన్నరు” అన్నాడు. ఆ మాట మమ్మును ఓదార్చలేదు.

డిప్లొమా చదివే రోజులలో ఫిలిప్పీ పత్రిక పరీక్షకు చదివాము గాని ఎపఫ్రొదితు సంగతి అప్పుడు మా కంటికి ఆనలేదు. ఫిలిప్పీ సంఘము ఇచ్చిన కానుక పట్టుకొని చెరలో ఉన్న పౌలు దగ్గరకు వెళ్ళినవాడతడు. అక్కడ జబ్బుపడి చావుదాకా వెళ్ళాడు. అతని బాధ తన జబ్బును గూర్చి కాదు, ఇంటివారికి ఆ వార్త తెలిసిందే, వారు ఎంత దిగులుపడుచున్నారో అని. అచ్చము మన గల్ఫ్ తమ్ముళ్ళలాగే! పౌలు మాత్రము ఆ వార్తను పూసి మెత్తగా చేయలేదు. నిజముగానే చావుకు దగ్గరయ్యాడని వ్రాసి, ఆ మనిషినే ఉత్తరముతో ఇంటికి పంపాడు.

దాచేది ఇంటివారే అనుకొనవద్దు. సిరిసిల్లలో మాకు తెలిసిన ఒక కుటుంబము ఉన్నది. భర్త భీవండిలో మరమగ్గాలపై పని. ఆరు నెలలు పని సరిగా లేకపోయినా నెలనెలా డబ్బు పంపాడు. ఇంట్లో కండెలు చుట్టే భార్య అది జీతమే అనుకొని చిట్టీ కూడా పాడింది. అది వడ్డీకి తెచ్చిన డబ్బని అప్పులవాడు గుమ్మము ముందు నిలబడిన రోజున తెలిసింది. “ముందే చెప్తే గంజి తాగి ఉంటుంటిమి” అని ఆమె మాతో అన్నది. ఆరు నెలలు ఒంటరిగా మోసిన బరువు దించుకోవడానికి వారికి మూడేళ్ళు పట్టింది.

అయితే ప్రతి చిన్న నొప్పిని ఫోనులో కుమ్మరించమని మేము అనుట లేదు. ఇక్కడ అత్తాకోడండ్ల మాట తేడా వస్తే అర్ధరాత్రి దుబాయికి పిర్యాదు చేసేవారూ ఉన్నారు. ఎండలో పని చేసి వచ్చినవాడు ఇద్దరిలో ఎవరి పక్షము మాట్లాడగలడు? రోగము, అప్పు, చావు, పిల్లల చదువు, అతడు తిరిగి తేలేని సంగతులు ఇవి. వీటిలో అతనికి పాలున్నది. తక్కినవి ఇక్కడివారు ఇక్కడే సరిచేసుకోవచ్చును.

చెప్పే వేళ కూడా చూడాలి. డ్రైవింగులో ఉండగా, డ్యూటీకి బస్సు ఎక్కుచుండగా చెప్పకూడదు. ఎమిరేట్స్‌లో వేసవిలో, జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, పగలు 12:30 నుండి 3 గంటల దాకా ఎండలో పని నిలుపుతారు. మనకు అది 2 నుండి 4:30. కష్టమైన మాట ఉంటే ముందుగా అదే గదిలోని ఊరివానికి చెప్పి, అతడు పక్కన కూర్చున్న తరువాత చెప్పడము మేలు.

ఇంకొక సంగతి. మా సంఘములో కొన్ని ఇండ్లవారిని “మీ ఆయన ఏ కంపెనీ?” అని అడిగితే “సౌదీ” అంటారు. అది దేశము పేరు! పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, ఇకామా నంబరు, కఫీలు పేరు, ఫోను, గదిలో ఉండే ఇద్దరి నంబర్లు ఒక నోటు బుక్కులో వ్రాసి ఇంట్లో పెట్టుకోవాలి. ఆపద వస్తే భారత రాయబార కార్యాలయమువారు మొదట అడిగేవి ఇవే. 2015 నుండి విదేశాంగ శాఖ నడుపుచున్న ‘మదద్’లో పిర్యాదు పెట్టుటకూ ఇవే కావాలి. పంపేవి కూడా తెలిసి పంపాలి. తొక్కు, సకినాలు సరే గాని, మసాలాలో గసగసాలు వేయకండి. దుబాయిలో అవి నిషేధము.

పిల్లల మాట చెప్పకపోతే ఇది పూర్తికాదు. జగిత్యాల దగ్గర ఒక ఇంట్లో మూడేళ్ళ బాబును “మీ బాపు ఏడి?” అని అడిగితే ఫోను చూపించాడు. తండ్రి నిజముగా వచ్చి ఎత్తుకుంటే ఏడ్చి, మళ్ళీ ఫోను దగ్గరకే పరుగెత్తాడట. ఆ తల్లి ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టింది. “బాపుకు దండం పెట్టు” అని పిల్లవానిని ఫోను ముందు నిలబెట్టదు. ఫోను అక్కడ పెట్టి వదిలేస్తుంది. వాడు అన్నము తింటాడు, అలుగుతాడు, దెబ్బలు తింటాడు. తండ్రి అవన్నీ చూస్తూ అక్కడ బట్టలు ఉతుక్కుంటాడు.

గత నెల మేము మళ్ళీ కోరుట్ల దగ్గరి ఆ ఇంటికే గృహదర్శనమునకు వెళ్ళాము. ఆయన తిరిగి సౌదీలోనే ఉన్నాడు. తొమ్మిది గంటలకు ఫోను మోగింది. చాట ఒడిలో ఉన్నది, ఫోను బిందెకు ఆని ఉన్నది.

“తిన్నవా? ఏం కూర?”

“కూర లేదు. పచ్చిపులుసు. బీడీల పైసలు ఇంక రాలె.”

అటునుండి ఒక నిమిషము మాట లేదు. “నాకు సుత ఖుబ్బూసే. ఈ నెల జీతం ఆలస్యమట,” అన్నాడు. తరువాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మేము ప్రార్థన చేయుటకు వేచి వేచి, చివరికి చెప్పులు వేసుకున్నాము.