కిటికీ పక్కన ఇత్తడి చెంబు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పొద్దు తొందరగా పొడుస్తుంది. దేశమంతటికీ గడియారం ఒకటే అయినా సూర్యుడికి ఆ లెక్క పట్టదు. హైదరాబాద్‌కి పలాస దాదాపు ఆరు డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ ఇరవై నిమిషాలకు పైగా ముందే తెల్లవారుతుంది. తూర్పున సముద్రం, కొండలన్నీ పడమటి వైపే. వజ్రపుకొత్తూరులోనో కవిటిలోనో తూర్పు కిటికీ ఉన్న వంటింట్లోకి ఆ తొలి ఎండ దాదాపు అడ్డంగా వచ్చి, గట్టు మీద కడిగి బోర్లించిన ఇత్తడి చెంబు నడుముకి తగులుతుంది. కిటికీ వైపు చెంబు పసుపు ముద్దలా వెలుగుతుంది. అవతలి వైపు మొదట తేనె రంగు, తర్వాత చింతపండు రంగు, చివరికి నలుపు. ఆ నలుపు అంచున, ఎదుటి సున్నపు గోడ నుంచి తిరిగొచ్చిన వెలుగు వెంట్రుకంత సన్నగా మెరుస్తుంది. చెంబు ఎత్తుకి మూడింతల పొడవున నీడ గట్టు దాటి గోడ ఎక్కుతుంది.

పావుగంటలో ఇదంతా మారిపోతుంది. ఫొటో తీయాలంటే ఆ పావుగంటే.

దీనికి పెద్ద కెమెరా అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోన్ చాలు. ముందుగా చేయాల్సిన పని ఒక్కటే, వంటింటి ట్యూబ్‌లైట్ ఆర్పేయడం. పైనుంచి తెల్లటి దీపం, పక్కనుంచి పచ్చటి ఎండ ఒకేసారి పడితే చెంబుకి రెండు నీడలు వస్తాయి, రెండు రంగులు కలిసి ఇత్తడి మురికిగా కనిపిస్తుంది. ఒక దిక్కు నుంచి వచ్చే ఒకే వెలుగు, దానికి ఒకే నీడ. కదలని వస్తువుల్ని తీసే ఫొటోలని స్టిల్ లైఫ్ అంటారు. ఆ కళకి పునాది ఇదే.

గిన్నెలూ చెంబులూ కెమెరా ముందుకి కొత్తగా వచ్చినవి కావు. ఫొటోగ్రఫీ పుట్టిన రోజుల్లో ఒక్క చిత్రానికి చాలాసేపు వెలుగు పట్టాల్సి వచ్చేది. మనుషులు కదిలిపోయేవారు, పాత్రలు కదిలేవి కావు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 నుంచి 1846 దాకా భాగాలుగా వెలువరించిన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' పుస్తకంలో అలమరలో వరసగా పేర్చిన పింగాణీ సామాను, గాజు సామాను చిత్రాలున్నాయి. ఆ పింగాణీని ఎప్పుడైనా దొంగ ఎత్తుకుపోతే ఈ చిత్రమే సాక్ష్యం చెబుతుందని కూడా ఆయన రాశాడు. అప్పటికి అది సామాను లెక్క. 1916లో అమెరికాలో పాల్ స్ట్రాండ్ మామూలు వంటింటి గిన్నెల్ని బాగా దగ్గరగా తీస్తే అవి గిన్నెల్లా కాక వంపులూ చీకట్లూగా మిగిలాయి. 1928లో ఆంద్రే కెర్తేస్ పారిస్‌లో పళ్లెం అంచుకి ఒక ఫోర్కు ఆనించి తీశాడు. ఆ బొమ్మలో ఫోర్కు ఎంత ముఖ్యమో దాని నీడా అంతే ముఖ్యం.

తెలుగులో నీడ అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. చెట్టు ఇచ్చేదీ నీడే, వస్తువు వేసేదీ నీడే. ఉద్దానం వాళ్లకి ఇది నిఘంటువులో చూసి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల కిందే ఇక్కడి ఊళ్లు పెరిగాయి. కొబ్బరి మట్టల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగిన ఎండే వంటింటి కిటికీకి చేరేది. ఎండన పడొచ్చిన మనిషిని నీడపట్టున కూర్చోమంటాం. వస్తువుకీ ఆ మర్యాద చేస్తేనే ఫొటోలో దాని ముఖం తేటపడుతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. తోటలకి తోటలే నేలకూలాయి. పోయిన రాబడి గురించి అప్పట్లో చాలా మాట్లాడుకున్నారు. దాంతోపాటు ఇళ్ల మీది నీడ కూడా పోయింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకి రావడానికే ఏళ్లు పడుతుంది, ఇంటి కప్పు దాటి గొడుగు పట్టడానికి ఇంకా ఎక్కువ. చెట్టు అడ్డు లేని కిటికీలోంచి వచ్చే ఎండ కత్తిలా ఉంటుంది. తగిలిన చోట తెల్లగా కాలిపోతుంది, తగలని చోట ఏమీ కనపడదు. పైగా ఈ ప్రాంతం కర్కట రేఖకి దక్షిణాన ఉంది. మే నెల మధ్యలో ఒకసారి, జులై చివర్లో మరోసారి సూర్యుడు పలాసకి సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఆ మధ్యాహ్నాలు వాకిట్లో నిలబెట్టిన రోకలికి నీడే కనపడదు. అప్పుడు తీసిన ఏ ఫొటో అయినా చప్పగా ఉంటుంది.

కత్తిలాంటి ఎండని మెత్తబరచడానికి జిల్లాలోనే ఒక మంచి సాధనం దొరుకుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో సన్నగా నూలు వడికి నేసే పొందూరు ఖద్దరు. పాతబడిన తెల్ల పంచె ఒకటి కిటికీకి అడ్డంగా కట్టి చూడాలి. అప్పుడు వెలుగు సూర్యుడనే చిన్న చుక్క నుంచి కాకుండా కిటికీ అంత గుడ్డ మొత్తం నుంచి వస్తుంది. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తన. వస్తువుని కిటికీకి దగ్గరగా జరిపితే ఆ గుడ్డ వస్తువుకి ఇంకా పెద్దదై కనిపిస్తుంది, నీడ ఇంకా మెత్తబడుతుంది. స్టూడియోలో వేలు పోసి కొనే సరంజామా చేసేదీ ఇదే పని.

ఇక అన్నిటికంటే మొండిది ఇత్తడి. టెక్కలికి పడమటి వైపు, సరవకోట మండలంలో బుడితి అనే ఊరుంది. కంచు, ఇత్తడి పాత్రల పనికి పేరుపడి భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఊరు. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. చింతపండు వేసి తోమిన బుడితి చెంబుని ఫొటో తీయబోతే దాని పొట్ట మీద ముందుగా కనిపించేది తీసేవాళ్ల చొక్కా, చేతిలో ఫోను, వెనక తలుపు. తోమిన లోహం అద్దం. అద్దానికి సొంత ముఖం ఉండదు, ఎదుట ఉన్నదే దాని ముఖం. అందుకని చెంబు మీద వెలుగు వేయాలని తంటాలు పడకుండా, చెంబు చుట్టూ దానికి ఏమి కనపడాలో అది పెట్టాలి. ఒక పక్క కిటికీకి కట్టిన పంచె, రెండో పక్క విప్పిన నల్ల గొడుగు. పంచె చెంబు మీద పొడవాటి తెల్ల చారగా పడుతుంది, గొడుగు అవతలి అంచుకి నల్ల గీత గీస్తుంది. ఆ గీత లేకపోతే చెంబు వంపు ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో కంటికి తెలీదు. తీసేవాళ్లు ముదురు రంగు చొక్కా వేసుకుని కాస్త దూరం జరిగి తీస్తే వాళ్ల బొమ్మ కూడా ఆ నలుపులో కలిసిపోతుంది.

ఎండ బాగా ఏటవాలుగా పడితే పాత్ర మీద చేతి పని బయటపడుతుంది. నున్నగా ఉందనుకున్న చోట సన్నటి సొట్టలు, గీతలు, పనిముట్టు ఆగి మళ్లీ కదిలిన గుర్తులు కనిపిస్తాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఇవన్నీ మాయం. ఫోన్‌లోని ఫ్లాష్‌ని వంటింట్లో అసలు వాడకపోవడమే మేలు.

పలాస జీడిపప్పుది దీనికి తిరగబడ్డ సమస్య. అది మెరవదు, పాలిపోతుంది. కాశీబుగ్గ దుకాణాల వాళ్లు తెల్ల పళ్లెంలో తెల్ల పప్పు పోసి, పైనుంచి దీపం వేసి తీసే ఫొటోల్లో పప్పు అంతా ఒకే పిండిముద్దలా ఉంటుంది. పప్పు అందం దాని వంపులో ఉంది. పక్కనుంచి వెలుగు పడితేనే ఆ వంపు లోపల సన్నటి నీడ నిలుస్తుంది, గుండుకీ బద్దకీ తేడా తెలుస్తుంది. కింద నల్లటిది ఏదైనా ఉండాలి. అన్నిటికంటే బాగా నప్పేది మాడిన జీడి పిక్కల తొక్కే. పిక్కని కాల్చి లేదా ఉడికించి, పగలగొట్టి, పప్పుని ఆరబెట్టి, పొట్టు ఒలిచే ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ తొక్కలోని జీడి చమురు చేతుల్ని నల్లగా మార్చి, చర్మాన్ని పొక్కిస్తుంది. తెల్ల పప్పు పక్కన ఆ నల్ల తొక్క ఉంటే ఫొటో బాగుండటమే కాదు, పప్పు ఎలా తెల్లబడిందో కూడా అందులో ఉంటుంది.

ఇక్కడ కెమెరా ఒక పొరపాటు చేస్తుంది. ఎదుట ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగని అది అనుకుంటుంది. నలుపు ఎక్కువగా కనిపిస్తే చీకటి పడిందనుకుని వెలుగు పెంచేస్తుంది, పప్పు మీది గీతలు తెల్లగా చెరిగిపోతాయి. ఫోన్ తెర మీద పప్పుని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే అది సర్దుకుంటుంది.

ఫొటోలో పరిమాణం కూడా పోతుంది. 'డబ్ల్యూ-180' రకం అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 170 నుంచి 180 గుండ్లు తూగేది. 'డబ్ల్యూ-320' అయితే 300 నుంచి 320. చేతిలో పోసుకుంటే తేడా తెలుస్తుంది. ఫొటోలో రెండూ ఒకటే. పక్కన అందరికీ కొలత తెలిసిన వస్తువు ఉండాలి, ఒక వెల్లుల్లి రెబ్బ అయినా సరే. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఈ సూత్రాన్ని కావాలనే పక్కన పెట్టాడు. రేకు గరాటులో ఒక బెంగళూరు మిర్చిని కూర్చోబెట్టి, చుట్టుపక్కల ఏమీ లేకుండా తీస్తే అది మనిషి వీపులా, బిగిసిన కండరంలా కనిపించింది. గరాటు లోపలి వాలు వెలుగుని అన్ని వైపులా తిప్పికొట్టి నీడల్ని మెత్తబరిచింది.

నౌపడ ఉప్పుకి మాత్రం వెలుగు వెనక నుంచే రావాలి. కల్లుప్పు పలుకులు ముందు వెలుగులో సున్నంలా ఉంటాయి. కిటికీకి ఇవతల పెట్టి కిటికీ వైపు తిరిగి తీస్తే ఒక్కో పలుకు గాజుముక్కలా లోపలి నుంచి వెలుగుతుంది.

వస్తువుల్ని పేర్చడంలో అందరూ చెప్పే సూత్రం, తెరని అడ్డంగా నిలువుగా మూడేసి భాగాలు చేసి గీతలు కలిసే చోట వస్తువు పెట్టమని. మొదలుపెట్టడానికి మంచిదే. కానీ ఈ వంటిళ్ల విషయంలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది కెమెరా ఎంత ఎత్తున ఉండాలన్నది. గట్టు మీద వంట ఇటీవలిది. కత్తిపీట, రోలు, కొబ్బరి కోరు, సన్నికల్లు అన్నీ నేల మీద కూర్చున్న మనిషి కోసం చేసినవి. నిలబడి తీస్తే కత్తిపీట మొండి చెక్కలా కనిపిస్తుంది; పీట మీద కూర్చుని తీస్తే దాని కత్తి నెలవంకలా లేస్తుంది. నిలువుగా పైనుంచి తీయడం చేటకి, కంచానికి బాగుంటుంది. చెంబుని అలా తీస్తే ఒక గుండ్రటి నోరు తప్ప మిగలదు. ఎన్ని వస్తువులన్నది కూడా చూసుకోవాలి. చెంబు, సగం కొట్టిన కొబ్బరికాయ, నాలుగు పచ్చిమిర్చి చాలు, చెంబు నీడ పడటానికి ఖాళీ ఉండాలి. నీడ కూడా ఒక వస్తువే, దానికీ చోటు కావాలి.

ప్రాగ్‌లో యోసెఫ్ సుడెక్ అనే ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. మిగిలిన చేత్తోనే బరువైన కెమెరాలు మోస్తూ, ఏళ్ల తరబడి తన స్టూడియో కిటికీ దగ్గరే గ్లాసుడు నీళ్లు, ఒక కోడిగుడ్డు, రొట్టె ముక్క తీశాడు. గ్లాసు గోడల్లోంచి వెలుగు వంగి బల్ల మీద పడే తీరు కోసం ఆయన కాచుకునేవాడు.

ఉద్దానంలో గ్లాసుడు నీళ్లు అంత తేలికైన వస్తువు కాదు. ఇక్కడ చాలామందిని పట్టిన కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఏళ్ల తరబడి జనం అనుమానం నీళ్ల మీదే ఉండటంతో, తోమిన బిందెలున్న వంటిళ్లలోకి కూడా కొన్న నీళ్ల ప్లాస్టిక్ క్యాను వచ్చి చేరింది. అందమైన ఫొటో కోసం తీసేవాళ్లు ముందుగా పక్కకి జరిపేది ఆ క్యానునే. దాన్ని ఉన్నచోటే ఉండనివ్వాలి. పొద్దున్న ఎండ దాంట్లోంచి దూరినప్పుడు నీలిరంగు నీడ ఒకటి నేల మీద వణుకుతూ వచ్చి, పక్కనున్న ఇత్తడి బిందె అడుగున ఆగుతుంది.