ట్యాప్ వాషర్‌తో రేడియో: ఐదారు వాట్ల ట్రాన్సీవర్ మిద్దె మీద ఎలా పుడుతుంది?

ఆదోని నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల గడగడమంటున్న శబ్దం పక్క వీధిలో పత్తి జిన్నింగ్ మిల్లుది, దాన్ని ఆపడం నా చేతుల్లో లేదు, సర్దుకోండి. నా చేతిలో ఉన్న ఈ తెల్లటి చిన్న రింగు చూశారా? కొళాయిలో నీళ్లు కారకుండా వేసే వాషర్. హార్డ్‌వేర్ షాపులో అడిగితే గుప్పెడు ఇస్తారు. దీని మీద సన్నటి ఎనామిల్ తీగ చుట్టి, దాంతో ప్రపంచమంతా మాట్లాడే రేడియో చేయొచ్చని చూపించిన మనిషి మన హైదరాబాద్ ఆయనే. ఈరోజు కబుర్లు దాని గురించే.

ఆయన పేరు అష్‌హర్ ఫర్హాన్. హామ్ రేడియోలో ఆయన కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ. బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఓ కల్చరల్ సెంటర్ ఉంది కదా, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 2000ల మొదట్లో బిట్‌ఎక్స్20 అని ఒక ట్రాన్సీవర్ డిజైన్ చేసి, సర్క్యూట్ మొత్తం అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ట్రాన్సీవర్ అంటే వినేదీ, మాట్లాడేదీ ఒకే డబ్బాలో. పవర్ ఆరు వాట్లు, అంటే మీ ఇంట్లో చిన్న ఎల్ఈడీ బల్బంత.

ఆరు వాట్లతో ఎంత దూరం పోతుంది అని నవ్వకండి. మామూలు ఏఎం రేడియోలో స్టేషన్ పంపే పవర్‌లో మూడింట రెండు వంతులు క్యారియర్‌కే పోతుంది. క్యారియర్‌లో మాట ఉండదు, ఊరికే మోతబరువు. మిగిలిన ఒక వంతు రెండు సైడ్‌బ్యాండ్లకు చెరిసగం. రెండింట్లోనూ ఉండేది అదే మాట. అందుకని క్యారియర్‌నీ, ఒక సైడ్‌బ్యాండ్‌నీ కోసిపారేస్తే, ఉన్న ఆరు వాట్లూ మాటకే పనిచేస్తాయి. దీన్నే సింగిల్ సైడ్‌బ్యాండ్, ఎస్ఎస్‌బీ అంటారు. తక్కువ పవర్ రేడియోకి ప్రాణం ఇదే.

సమస్య ఏంటంటే ఎస్ఎస్‌బీ సర్క్యూట్ పెద్దది. వినడానికి ఒక ఫిల్టర్, రెండు మిక్సర్లు, నాలుగైదు యాంప్లిఫయర్లు. పంపడానికి మళ్లీ అవే ఇంకో సెట్టు. పార్టులు డబుల్, తప్పులు డబుల్. ఇక్కడ ఫర్హాన్ చేసిన పని నాకు చాలా ఇష్టం. ఎస్ఎస్‌బీలో వినడం, పంపడం ఒకే దారి, అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు ఒకసారి, అంతే తేడా. మరి దారి ఒకటే అయినప్పుడు రెండు రోడ్లు ఎందుకు? మిక్సర్, ఫిల్టర్ ఎలాగూ రెండు వైపులా పనిచేస్తాయి. యాంప్లిఫయరే ఒకవైపు. కాబట్టి ప్రతి చోటా రెండు ట్రాన్సిస్టర్లను ఎదురెదురుగా పెట్టారు. మైక్ బటన్ వదిలితే ఒకదానికి కరెంటు, నొక్కితే రెండోదానికి. సింగిల్ లైన్ రైల్వే ట్రాక్ లాంటిది. గుంతకల్లు పక్కన పుట్టినవాళ్లం, మనకు ఇది చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆ యాంప్లిఫయర్ల గెయిన్‌ని ట్రాన్సిస్టర్ నిర్ణయించదు, చుట్టూ ఉన్న రెసిస్టర్లు నిర్ణయిస్తాయి. అందుకే బీసీ547 దొరికితే బీసీ547, 2ఎన్3904 దొరికితే అది. మిక్సర్‌కి 1ఎన్4148 డయోడ్లు. ఫెరైట్ కోర్ కావాలా? పాత డబ్బా టీవీల యాంటెన్నా దగ్గర రెండు కన్నాల చిన్న బాలున్ ఉంటుంది, రిపేరు షాపులో చెత్తబుట్టలో వెతకండి. డిజైన్ అంటే నేను దీన్నే అంటాను. అమెరికాలో దొరికే పార్టుతో గొప్ప సర్క్యూట్ గీయడం వేరు, ఎమ్మిగనూరు బజార్లో దొరికేదాంతో పనిచేసే సర్క్యూట్ గీయడం వేరు.

ఇప్పుడు లెక్క ఒకటి. బిట్‌ఎక్స్20 పనిచేసేది 14 మెగాహెర్ట్జ్‌లో. లోపల ఫిల్టర్ 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌తో, ట్యూనింగ్ ఆసిలేటర్ 4 మెగాహెర్ట్జ్ దగ్గర, కలిపితే 14. కొత్తవాళ్లకి మాత్రం నేను 7 మెగాహెర్ట్జ్ చెప్తాను. తర్వాత వచ్చిన బిట్‌ఎక్స్40 బోర్డు చేసేది అదే. 12 మెగాహెర్ట్జ్ ఫిల్టర్, ఆసిలేటర్ 4.8 నుంచి 5 దాకా. 12 లోంచి 5 తీస్తే 7, 4.8 తీస్తే 7.2. మన దేశంలో హామ్‌లకు ఇచ్చిన 40 మీటర్ల బ్యాండ్ సరిగ్గా 7 నుంచి 7.2. కానీ మిక్సర్‌కి కూడికా తెలుసు, తీసివేతా తెలుసు. 12, 5 కలిపితే 17 కూడా వస్తుంది. దాన్ని ఆపడానికే యాంటెన్నా వైపు ఇంకో ఫిల్టర్.

క్రిస్టల్స్ దగ్గర పిసినారితనం వద్దు. నాలుగు కావాలంటే ఒకే లాటులోవి పది పదిహేను కొనండి. ఒక్కొక్కటీ టెస్ట్ ఆసిలేటర్‌లో పెట్టి ఫ్రీక్వెన్సీ రాసుకుని, దగ్గరదగ్గరగా ఉన్న నాలుగు ఏరుకోండి. ఏరకుండా వేస్తే అవతలి మనిషి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినపడుతుంది.

తర్వాత మన ఊరి ఎండ. వాషర్ మీద చుట్టిన కాయిల్‌తో చేసిన ఆసిలేటర్ వేడికి జరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద రేకుల గదిలో కూర్చుంటే ఐదు నిమిషాలకోసారి నాబ్ తిప్పుకోవాల్సిందే. ఎన్‌పీ0 కెపాసిటర్లు వేస్తే కొంత నయం. ఇప్పుడైతే ఎస్ఐ5351 అనే చిప్పు, ఒక ఆర్డుయినో నానో పెడితే ఫ్రీక్వెన్సీ కదలదు. పాతపద్ధతే గొప్పదని వాదించేవాళ్లున్నారు. నేను వాదించను, ఎండలో కూర్చునేది నేను కాబట్టి.

ఆఖరి స్టేజి ఐఆర్ఎఫ్510 మాస్‌ఫెట్. ఇది రేడియో కోసం పుట్టింది కాదు, స్విచింగ్ పనులకు చేసింది, అందుకే చవక. నా మొదటి రేడియో ఇక్కడే పోయింది. దీని వెనకున్న లోహపు ట్యాబ్ లోపల డ్రెయిన్‌కే కలిసి ఉంటుంది. నేను హీట్‌సింక్‌కి తిన్నగా బిగించేశాను, హీట్‌సింక్ డబ్బాకి, డబ్బా ఎర్త్‌కి. బ్యాటరీ తగిలించగానే ఫ్యూజు లేని వైరు ఎర్రబడి పొగొచ్చింది. మా అవ్వ కింద నుంచి 'ఏమిరా కాలుతోంది' అని కేక. రెండు నెలల పని. మధ్యలో ఒక మైకా ముక్క, ఒక ప్లాస్టిక్ బుష్ పెట్టుంటే ఏమీ అయ్యేది కాదు. కాబట్టి: మైకా వేయండి, మల్టీమీటర్‌తో ట్యాబ్‌కీ డబ్బాకీ కంటిన్యుటీ లేదని చూడండి, వైర్లో ఫ్యూజు పెట్టండి. బయస్ ప్రీసెట్‌ని పూర్తిగా కిందికి తిప్పి మొదలుపెట్టి, కరెంటు 80, 100 మిల్లీఆంపియర్లకు మెల్లగా తీసుకురండి. యాంటెన్నా బదులు మొదట 50 ఓమ్‌ల డమ్మీ లోడ్. లో పాస్ ఫిల్టర్ లేకుండా మాత్రం గాల్లోకి పోవద్దు, 14లో, 21లో ఇంకొకరి చెవిలో కూస్తారు.

యాంటెన్నా సులువు. 7.1 మెగాహెర్ట్జ్‌కి మొత్తం 20 మీటర్ల తీగ, మధ్యలో కోసి అటు పది, ఇటు పది. మన పక్కపక్క మిద్దెలు ఇందుకే కట్టినట్టుంటాయి, పొరుగింటి పెద్దమ్మని అడిగి ఒక కొస వాళ్ల పిట్టగోడకు కట్టుకోండి. కరెంటు తీగలకు దూరంగా, మరీ దూరంగా. ఎత్తు తక్కువైందని బాధపడొద్దు. అలాంటి తీగ సిగ్నల్‌ని తిన్నగా పైకి కొడుతుంది, అది అయనోస్ఫియర్‌కి తగిలి చుట్టూ రెండు మూడొందల కిలోమీటర్లలో దిగుతుంది. పగటిపూట ఇక్కణ్ణుంచి హైదరాబాద్, బెంగళూరు రెండూ ఆ దూరంలోనివే. చేతిలో పట్టుకునే వాకీటాకీకి ఊరి కొండ అడ్డమొస్తే అంతే.

ఫోనుండగా ఇదంతా ఎందుకంటారా? 2009 అక్టోబర్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు మీలో చాలామంది చిన్నపిల్లలు. కరెంటు పోతే టవర్ ఎంతసేపు నిలబడుతుందో ఇంట్లో పెద్దవాళ్లనడగండి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం హామ్ రేడియో పని మీద పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. అండమాన్ నుంచి కబుర్లు బయటికి చేరవేయడానికి వాళ్ల సెట్లే పనికొచ్చాయి. ఈ చిన్న డబ్బా ఒక 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీ మీద రోజంతా వింటుంది.

అయితే లైసెన్స్ లేకుండా బటన్ నొక్కడం నేరం, ఇందులో సరదా ఏమీ లేదు. పన్నెండేళ్లు నిండితే చాలు, కేంద్ర టెలికాం శాఖ పరీక్ష రాయొచ్చు, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. మొదటి మెట్టు రెస్ట్రిక్టెడ్ గ్రేడు, కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. పరీక్షకి చదివేలోపు క్రిస్టల్స్ ఏరుతూ ఉండండి.

బోర్డు రెడీమేడ్‌గా కొనొచ్చా అంటే, కొనొచ్చు. 2017 చివర్లో వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ అన్ని హెచ్ఎఫ్ బ్యాండ్లూ చేస్తుంది, పది వాట్ల దాకా. వాటి కాయిల్స్‌ని చేత్తో చుట్టింది హైదరాబాద్‌లో ఒక మహిళల బృందం. కానీ మొదటిది మాత్రం ఉత్త కాపర్ బోర్డు మీద, ఒక్కో స్టేజీ సోల్డర్ చేసి, అది పలికాకే తర్వాతిది మొదలుపెట్టండి. ఆడియో యాంప్లిఫయర్‌తో మొదలు. ఎల్ఎం386 ఇన్‌పుట్ మీద వేలు పెడితే స్పీకర్ బుర్రుమనాలి. వచ్చే ఎపిసోడ్‌లో అక్కణ్ణుంచే. వాషర్లు తెచ్చిపెట్టుకోండి.